మొవ్వు వదిలెయ్

గనీమా మామ్మకి నా పేరు నోరు తిరగదు.
నాంచారమ్మ అంటే నంజరా అంది మొదట్లో,
వాడి వాడి అదీ అరిగి, జరా అయింది.
ఆ మాటకి మావైపు ముసలితనమని అర్థం.
చెప్పేంత అరబ్బీ నాకు రాదు.
వచ్చినా, తన చేతులు చూపించి నవ్వేదేమో.

రుస్తాక్ దాటి తారురోడ్డు వదిలితే రాళ్ళ వాగు.
నీళ్ళు లేకపోయినా వాగనే అంటారు దాన్ని,
అలవాటు మీద.
ఆ రాళ్ళ సందుల్లో
ఎవరూ నాటకుండా, చెంబెడు నీళ్ళు పొయ్యకుండా
పొట్టి తాడిలాంటి మొక్క,
ఆకు అచ్చం విసనకర్ర.
గదఫ్ అంటారు. నేను గడప అంటాను.
మామ్మ దిద్దదు.

వచ్చింది వంటింటి పనికి.
శుక్రవారం తెల్లారుజామున మాత్రం
మనవడు ఖల్ఫాన్ పికప్పులో మా ఇద్దర్నీ దింపిపోతాడు.
మొక్కకి రెండాకులు, బాగా దుబ్బు కడితే మూడు.
మొదటిరోజు, మెత్తగా ఉంది కదాని
నడిమి లేతదాని మీద కొడవలి వేశాను.
మణికట్టు పట్టేసుకుంది.
"లా" అంది.
ఒక్క అక్షరం. నాకు మొత్తం తెలిసింది:
మొవ్వు వదిలెయ్.

మా అమ్మ కూడా అంతే.
కొల్లేట్లో నడుంలోతు నీళ్ళలో నిలబడి
తుంగ కోస్తున్నంతసేపూ ఒకటే పోరు,
"బెత్తెడు మిగల్చండే, దుబ్బు చూస్తుంటది."
దుబ్బు చూస్తూనే ఉంది
పొక్లెయిన్ వచ్చిన బుధవారం దాకా.
చేపల చెరువుకి గట్టు వేసి
తుంగంతా ఆ గట్టులోనే తొక్కేశారు.
నాన్న చాప నేసే అచ్చుచెక్క
కోళ్ళగూటికి తలుపయింది.
సరిగ్గా సరిపోయింది కూడా.

ఇక్కడ మగ్గం లేదు, అచ్చు లేదు.
ఆకుని కాలవ నీళ్ళలో నానేసి
బొటనవేలి గోటితో చీల్చడం,
చీల్చినదాన్ని జడ అల్లడం.
అర్థంకాక చూస్తుంటే నా జడే లాగి చూపించింది మామ్మ,
మూడు పాయలు లెక్కపెట్టి పెదవి విరిచింది.
వాళ్ళది పదకొండు పాయలు.
బారలకి బారలు అల్లి,
జడ పక్కన జడ పెట్టి దబ్బనంతో కుడితే, చాప.
రెండు నెలలు నా అల్లిక రాత్రిపూట విప్పేసేది.
పొద్దున చూస్తే ఆకులు విడివిడిగా
బకెట్లో తడుస్తూ ఉండేవి.
ఒకరోజు విప్పలేదు.
మెచ్చుకుందో,
కళ్ళు కనపడక వదిలేసిందో!

కనపడకే అని చలికాలానికి తేలింది.
దబ్బనంలో దారం నన్నే ఎక్కించమంది.
ఆఖరి జడ, చివరి అంచు నామీద పడ్డాయి.
ఆ అంచు వాళ్ళు ఎలా మడుస్తారో నేను చూళ్ళేదు.
అమ్మ వేసే చేపముల్లు కుట్టు వేసేశాను,
మూడువైపులా వాళ్ళది, ఒకవైపు మాది.

మస్కట్ నుంచి ఒకమ్మాయి వచ్చింది,
చేతి చాపల కొట్టు తనది.
ఎన్నాళ్ళు పట్టిందని అడిగింది, రాసుకుంది.
రేటు చెప్పింది.
నా రెండు జీతాలూ, పైన ఎనిమిది రియాళ్ళు.
లెక్కలు నాకు తొందరగానే వస్తాయి.
తర్వాత వేలితో అంచు తడుముతూ
నాలుగో వైపు ఆగింది.
ఏదో అడిగింది.
మామ్మ తల ఎత్తకుండా "జరా" అంది.
అది నా పేరనుకుందో, అంచు పేరనుకుందో,
ఆ అమ్మాయి అదీ రాసుకుంది.

చాప వెళ్ళాక ఊడ్చిన పీచుతో
ఊరికే ఒక కుదురు చుట్టాను.
చుట్టాక గుర్తొచ్చింది,
ఈ వంటింట్లో గుండ్రటి అడుగున్న కుండే లేదని.
మామ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది,
వాసన చూసింది,
తీసుకెళ్ళి కాఫీ ఫ్లాస్కు కింద పెట్టింది.
తిన్నగా నిలబడే ఫ్లాస్కుకి కుదురెందుకు?
నేనేమీ అనలేదు.